పెట్టుపోతల సామాను

తక్కువ వస్తువులతో బతకడం గురించి ఈ మధ్య వినిపిస్తున్న సలహాలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి. వస్తువును చేతిలోకి తీసుకోండి, అది మీకు అవసరమా, సంతోషాన్ని ఇస్తోందా అని ప్రశ్నించుకోండి, కాదనిపిస్తే వదిలేయండి. ఒంటరిగా ఉంటూ, తమ డబ్బుతో తాము కొనుక్కున్న వస్తువుల విషయంలో ఈ పద్ధతి చక్కగానే పనిచేస్తుంది. కానీ మూడు తరాల సామాను రెండు పడకగదుల్లో సర్దుకున్న మా రాజమండ్రి ఫ్లాటులో చోటును ఆక్రమించుకున్న వాటిలో చాలావరకు మేము కొన్నవి కావు, ఎవరో పెట్టినవి. అలా వచ్చిన వస్తువును మనకు అవసరమా అని అడిగి ప్రయోజనం లేదు, ఎందుకంటే అది మన ఇంటికి వచ్చింది అవసరం కోసం కాదు, మర్యాద కోసం.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది జాకెట్టు ముక్కల సంగతి. శ్రావణ మాసంలో పేరంటానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ పసుపు, కుంకుమ, నానబెట్టిన శనగలు, అరటిపండ్లు, తమలపాకులతో పాటు ఒక జాకెట్టు ముక్క చేతిలో పెడతారు. అది కుట్టించుకోవడానికి పనికిరాదని పెట్టినవారికీ తెలుసు, పుచ్చుకున్నవారికీ తెలుసు. పన్నా చాలదు, రంగు ఏ చీరకూ కలవదు. కాబట్టి మడత విప్పకుండానే బీరువాలో ఏడాది గడిపి, మరుసటి శ్రావణానికి మరొకరి ఇంటికి బయలుదేరుతుంది. ఎవరు పెట్టినది వారికే తిరిగి పెట్టే ప్రమాదం లేకుండా మా అత్తయ్య ప్రతి ముక్క మూలనా పెన్సిలుతో ఇచ్చినవారి పొడి అక్షరాలు రాసుకుంటారు. ఒక ఏడాది ఆవిడ చేతిరాత ఉన్న ముక్కే వీధి అంతా తిరిగి, మా తాంబూలంలోకే వచ్చింది. ఆ రోజు ఆవిడ చాలాసేపు నవ్వారు కానీ, ఇకపై జాకెట్టు ముక్కలు పెట్టవద్దని నేను అన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

"వాళ్ళేమనుకుంటారమ్మాయ్, ఒట్టి తాంబూలం ఇచ్చి పంపిస్తే?"

"కొబ్బరికాయ పెడదాం అత్తయ్యా. పచ్చడి చేసుకుంటారు, ఇంట్లో మిగలదు."

కాసేపు ఆలోచించి, కొబ్బరికాయతో పాటు పండ్లు కూడా ఎక్కువ పెట్టాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఇంట్లో సామాను తగ్గించడానికి మేము చేసిన పనులన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చినది ఇదేనని నా అభిప్రాయం. మన ఇంట్లోకి వచ్చేదాన్ని ఆపమని ఎదుటివారికి చెప్పడం కష్టం. మన ఇంటి నుంచి వెళ్ళేదాన్ని మార్చితే, రెండేళ్ళు తిరిగేసరికి వచ్చేదీ కొంత మారుతుంది.

తరువాతది అటక మీది స్టీలు సామాను. కంచాలు, గ్లాసులు, క్యారేజీలు, మరచెంబులు, మూత పోయిన డబ్బాలు గోనెసంచుల్లో కట్టి ఉండేవి. ఒకప్పుడు స్టీలు కొట్టువాళ్ళు బరబరమని మోగే చిన్న మిషనుతో గిన్నె అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఇచ్చేవారు. దించిన ప్రతి వస్తువునూ అత్తయ్య వెలుతురుకు తిప్పి, ఆ చుక్కల మీద బొటనవేలు రాస్తూ, పేరు, ఊరు, తారీఖు పైకి చదివారు. ఇది 1984లో మామయ్యగారి మేనత్త పెట్టినది, ఇది ఎవరి గృహప్రవేశంలో ఎవరు ఇచ్చినది, ఈవిడ ఆ తరువాత మాట్లాడటం మానేసినది. సామాను దించడం కంటే ఈ చదువుకే ఎక్కువ సమయం పట్టింది. తొందర పెట్టకపోవడమే మంచిదైంది, ఎందుకంటే చదవడం పూర్తయిన తరువాత వాటిని ఇచ్చివేయడానికి ఆవిడకు పెద్దగా అభ్యంతరం లేకపోయింది.

పాత సామాన్ల కొట్టులో రాగికి, ఇత్తడికి వచ్చే ధరతో పోలిస్తే స్టీలుకు వచ్చేది చాలా తక్కువ, కాబట్టి బాగున్న గిన్నెలను తూకానికి వేయడం దండగ. మా వీధి రామాలయంలో శ్రీరామనవమి భోజనాలకు ప్రతి ఏడాదీ వాడి పారేసే ప్లేట్లు తెచ్చేవారు. కంచాలూ గ్లాసులూ అక్కడికి ఇచ్చాము. గాంధీజీ 1930లో యరవాడ జైలు నుంచి ఆశ్రమవాసులకు రాసిన లేఖల్లో, అవసరం లేకుండా దగ్గర ఉంచుకున్న వస్తువు, మొదట దొంగిలించినది కాకపోయినా, దొంగసొత్తు కిందే లెక్క అన్నారు. సంసారులకు ఇది చాలా కఠినమైన మాట అని నేను ఎప్పుడూ అనుకునేదాన్ని. మా అటక మీద వందమందికి సరిపడే కంచాలు ఉండగా, నాలుగిళ్ళ అవతల గుడిలో ప్లాస్టిక్కు ప్లేట్లు గుట్టలుగా పడటం చూశాక అంత కఠినంగా అనిపించడం లేదు.

చీరల విషయంలో మన ఇళ్ళలో ఇదివరకే మంచి ఏర్పాటు ఉంది. మెత్తబడిన నూలు చీరలు బొంతలవుతాయి, మిగిలినవి తుడుపుగుడ్డలవుతాయి. వీధిలోకి వచ్చి పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే ఆవిడతో మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే అక్కడ బీరువా ఖాళీ అయి అటక మళ్ళీ నిండుతుంది! కట్టడానికి పనికిరాని బట్టలు చేతులు మారుతూ హర్యానాలోని పానిపట్టు వంటి చోట్లకు చేరి, పీచుగా చీలి, చవక దుప్పట్లకు నూలవుతాయి. పాత పట్టుచీరలు కొంటామని తిరిగేవారు ఎక్కువగా చూసేది జరీలోని వెండినే కాబట్టి, ఆ జరీ అసలైనదో కాదో ముందుగా తెలిసిన దుకాణంలో చూపించుకుని మాట్లాడటం మేలు.

చచ్చిన ఫోన్లు, చార్జర్లు, మిక్సీ మోటార్లు పాతసామాన్ల బండికి వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు వాటిని రీసైక్లింగుకు పంపించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. కాగితాల్లో రిజిస్టరైన దస్తావేజుల అసళ్ళు దాచి, కరెంటు బిల్లుల కట్టలు వదిలించుకున్నాము.

ఇవేవీ చేయకుండా అన్నిటినీ భోగి రోజు తెల్లవారుజామున మంటలో వేసేవారు మా వీధిలో ఉన్నారు. పిడకలు, విరిగిన చెక్కలు కాలే మంటలో రెగ్జిను సంచులు, ప్లాస్టిక్కు కుర్చీలు, టైర్లు వేస్తే అది పాతను వదిలించుకోవడం కాదు, పొగ రూపంలో పక్కింటివారికి పంచడం.

వచ్చే మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఉంది. చదివింపుల్లో నూటపదహార్లో, వెయ్యినూటపదహార్లో ఇచ్చే పాత పద్ధతి కంటే శుభ్రమైన కానుక నాకు కనిపించలేదు కాబట్టి, మేము కవరే ఇద్దామని అన్నాను. డబ్బు ఇవ్వడానికి అత్తయ్యకు అభ్యంతరం లేదు. మనవరాలికి బిందె కూడా పెట్టవలసిందేనని మాత్రం పట్టుబట్టారు. అది స్టీలు కాకూడదన్నంత వరకు ఒప్పందం కుదిరింది. రాగిదా, ఇత్తడిదా అన్నది ఇంకా తేలలేదు.