సౌత్‌బెండ్‌లో ఒక కాగితం కోసం

బయల్దేరే ముందు నాన్న మా అమ్మాయి పెన్సిల్ బాక్సులోంచి ఒక పెన్సిలు, ప్రింటర్ పక్కనున్న తెల్ల కాగితాలు నాలుగు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎందుకు నాన్నా అంటే, "బండి చూడ్డానికి వెళ్తున్నాం కదమ్మా, ప్రింట్ తీసుకోవద్దూ?" అన్నారు.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ల పైన లారీ బాడీలు కట్టారు. మా దగ్గర బండి కాగితాల పనికి చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది, ముద్ర తీసి ఇవ్వడం మామూలే. ఆ ముద్ర అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. ఆరు నెలలు ఉందామని షికాగో దగ్గర నేపర్‌విల్లో మా ఇంటికి వచ్చారు. వచ్చిన రెండో నెలకే టీవీ, వాకింగ్ అన్నీ విసుగొచ్చేశాయి. పాత బండి చూడ్డానికి ఇండియానా వెళ్తున్నానంటే నాకంటే ముందు తయారైపోయారు.

ఆ బండి స్టూడబేకర్ అనే ఒకప్పటి అమెరికన్ కంపెనీ కట్టిన అవంతి కారు, 1963 మోడల్. మన అవంతి కాదు, ఇటాలియన్ మాట. ముందుకు అని అర్థం. నాకు ఈ కారు మీద చాలా ఏళ్లుగా మనసు. మొదటిసారి ఫోటో చూసినప్పుడు ఇది 60 ఏళ్ల కిందటి బండి అంటే నమ్మలేదు. ముందు గ్రిల్ ఉండదు, గాలి బంపర్ కిందనుంచి లోపలికి పోతుంది. బానెట్ మీద ఉబ్బు సరిగ్గా మధ్యలో ఉండదు, డ్రైవర్ వైపు మాత్రమే ఉంటుంది. లైట్ల స్విచ్‌లు విమానంలోలాగా నెత్తి మీద ఉంటాయి. లాపోర్ట్ కౌంటీలో ఒక పెద్దావిడ తన భర్త పోయాక ఆయన బండి అమ్ముతున్నారని తెలిసింది. ఫోన్ చేస్తే, "ఇది సూపర్‌ఛార్జర్ ఉన్న ఆర్2, చాలా రేర్ అని మా ఆయన అనేవారు" అన్నారు. ఆ రేర్ అన్న మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

శుక్రవారం సెలవు పెట్టి, తెల్లవారుజామున అయిదున్నరకి ఇంట్లోంచి కదిలాం. ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో పులిహోర. గ్యారీ దాటి, స్టీలు ఫ్యాక్టరీల పొగ వెనకపడ్డాక, కోసేసిన మొక్కజొన్న చేలు మొదలయ్యాయి. ఎనిమిదింటికల్లా ఆవిడ ఇల్లు చేరాం.

కారు గడ్డివాము లాంటి పెద్ద షెడ్డులో ఉంది. ఎర్ర రంగు. దుమ్ము కప్పేసినా ఆ నడుము దగ్గర వంపు తెలుస్తూనే ఉంది. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, డోరు మీద వేలి కణుపుతో తట్టి, ఆగిపోయారు. మళ్లీ తట్టారు. "ఇది రేకు కాదమ్మా" అన్నారు. ఇంటావిడ గోడకున్న అయస్కాంతం ఒకటి తెచ్చి ఇస్తే బాడీకి ఆనించి చూశారు. అతుక్కోలేదు, జారి ఆయన అరచేతిలో పడింది. బాడీ అంతా ఫైబర్‌గ్లాసే.

అసలు ఈ బండి కథలో సగం ఆ ఫైబర్‌గ్లాసే. 1961 ఫిబ్రవరిలో షెర్వుడ్ ఎగ్బర్ట్ స్టూడబేకర్ కంపెనీకి ప్రెసిడెంట్‌గా వచ్చేనాటికి అమ్మకాలు బాగా పడిపోయి ఉన్నాయి. జనం మళ్లీ షోరూమ్‌కి రావాలంటే కళ్లు తిప్పుకోలేని కారు ఒకటి కావాలి, అదీ వెంటనే కావాలి. డిజైనర్ రేమండ్ లోవీని పిలిపించారు. ఆయన కాలిఫోర్నియాలో పామ్ స్ప్రింగ్స్ దగ్గర ఒక ఇల్లు తీసుకుని, జాన్ ఎబ్‌స్టైన్, బాబ్ ఆండ్రూస్, టామ్ కెలాగ్ అనే ముగ్గురిని కూర్చోబెట్టి, కొన్ని వారాల్లోనే మట్టి నమూనా తయారు చేయించారు. 1962 ఏప్రిల్‌లో న్యూయార్క్ ఆటో షోలో కారు జనం ముందుకి వచ్చింది. రేకు బాడీకి కావాల్సిన పెద్ద పెద్ద డైలకి, అంటే అచ్చులకి, డబ్బూ లేదు, టైమూ లేదు. అందుకని ఫైబర్‌గ్లాస్. ఆ బాడీలు ఒహాయోలోని ఆష్టబులాలో తయారై రావాలి. వచ్చినవి ఒకదానికొకటి సరిగ్గా కలవలేదు. సరిచేయడంలో నెలలు గడిచాయి. ఆర్డర్ ఇచ్చినవాళ్లు ఎదురుచూసి ఎదురుచూసి వేరే కారు కొనుక్కున్నారు.

నాన్నకి ఇది చెబుతుంటే బానెట్ అంచు మీద చేయి వేసి వింటున్నారు. "డోరు సందు చూడు, పైన ఒకలా ఉంది, కింద ఒకలా ఉంది. బాడీ కట్టేవాడికి ఈ సందే ప్రాణం. ఆ కుర్రాళ్లు ఎంత అవస్థ పడుంటారో" అన్నారు. నేను ఎన్నో చదివాను గానీ, ఆ ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసినవాళ్ల గురించి అంతవరకు ఆలోచించలేదు.

డిక్కీ తలుపు రబ్బరు కొంచెం ఊడి ఉంది. నాన్న దాన్ని గోటితో ఎత్తి, ఫోన్ టార్చ్ వేయమన్నారు. రబ్బరు కింద ఎరుపు లేదు. నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగు, సన్నటి గీతలాగా. ఆయన ఏమీ అనకుండా రబ్బరు మళ్లీ సర్దేశారు.

ఇక అసలు పని. బానెట్ ఎత్తితే సూపర్‌ఛార్జర్ కనిపించింది. పాక్స్‌టన్ కంపెనీది, బెల్టుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా తోసేది. మామూలు అవంతి ఇంజిన్ ఆర్1, 289 క్యూబిక్ అంగుళాలు, 240 హార్స్ పవర్. అదే ఇంజిన్‌కి సూపర్‌ఛార్జర్ పెడితే ఆర్2, 289 హార్స్ పవర్. అంగుళానికి ఒక గుర్రం అన్నమాట. ఆర్3 అని ఇంకా పెద్దది ఉంది, ఫ్యాక్టరీలోనే ఆ ఇంజిన్ ఎక్కించుకుని బయటికొచ్చిన అవంతిలు తొమ్మిదే. 1962లో యూటాలోని బానవిల్ ఉప్పు మైదానంలో అవంతి 29 రికార్డులు బద్దలు కొట్టింది. అక్కడ ఆర్3 ఇంజిన్‌తో ఆండీ గ్రానటెల్లి గంటకి 168 మైళ్ల పైన నడిపారు. కాబట్టి బానెట్ కింద ఏ ఇంజిన్ ఉందన్నదాన్ని బట్టి బండి విలువ ఎంతో మారిపోతుంది.

చిక్కు ఏమిటంటే, సూపర్‌ఛార్జర్ అనేది బోల్టులతో బిగించే వస్తువు. 60 ఏళ్లలో ఎవరైనా తెచ్చి బిగించి ఉండొచ్చు. ఇంజిన్ బ్లాకు మీద కొట్టిన నంబరుని మాత్రం అంత తేలిగ్గా మార్చలేరు. ఆర్1 అయితే ఆ నంబరు ముందు ఆర్ అక్షరం ఒక్కటే ఉంటుంది. ఆర్2 అయితే ఆర్ఎస్ అని ఉంటుంది. ఒక్క ఎస్ అక్షరం మీద ఆధారపడిన సంగతి.

ఇంజిన్ ముందు భాగంలో పైన, ఆ చదును జాగా అంతా జిడ్డు. నాన్న పాత గుడ్డకి కిరసనాయిలు కావాలన్నారు, కిరోసిన్ అనగానే ఆవిడ లాంతరు డబ్బా తెచ్చి ఇచ్చారు. అయిదు నిమిషాలు తుడిచారు. కాగితం పరిచి, ఎడమచేతి రెండు వేళ్లతో కదలకుండా నొక్కిపట్టి, పెన్సిల్‌ని పక్కకి వంచి మెల్లగా రుద్దారు. నల్లటి మసిలోంచి తెల్లగా గీతలు తేలాయి. ముందు ఆర్. తర్వాత అంకెలు. మధ్యలో ఏమీ లేదు. ఇంకో కాగితం పెట్టి మళ్లీ తీశారు. అదే. మూడోసారి నేనే తీశాను, చేయి వణికింది. అదే.

ఆవిడకి అక్కడికక్కడే చెప్పలేకపోయాను. స్టూడబేకర్ ఫ్యాక్టరీ ఉండిన సౌత్‌బెండ్ ఊళ్లో మ్యూజియం ఉంది, అక్కడ ఈ బండి ఫ్యాక్టరీ కాగితం చూసి ఫోన్ చేస్తానన్నాను. మేం కారెక్కేదాకా షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

సౌత్‌బెండ్ వెళ్లేసరికి గడియారం గంట ముందుకి జరిగిపోయింది. లాపోర్ట్ కౌంటీ వాళ్లది షికాగో టైము, పక్కనే ఉన్న సౌత్‌బెండ్ వాళ్లది న్యూయార్క్ టైము. కారులోనే పులిహోర తినేసి, చాపిన్ స్ట్రీట్‌లో ఉన్న స్టూడబేకర్ నేషనల్ మ్యూజియంకి పరుగెత్తాం.

అక్కడ ఉన్నవన్నీ చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. 1852లో హెన్రీ, క్లెమెంట్ అనే స్టూడబేకర్ అన్నదమ్ములు ఈ ఊళ్లోనే కమ్మరి కొలిమి పెట్టి బండ్లు చేయడం మొదలుపెట్టారు. తమ్ముడు జాన్ కాలిఫోర్నియా బంగారం గనుల దగ్గరికి పోయి, బంగారం తవ్వకుండా తవ్వేవాళ్లకి తోపుడు బండ్లు చేసి అమ్మి, 8,000 డాలర్లు కూడబెట్టుకొచ్చి ఆ డబ్బు ఇందులో పెట్టాడు. నాన్నకి అందరికంటే ఆ తమ్ముడే నచ్చాడు. హత్య జరిగిన రాత్రి లింకన్ థియేటర్‌కి ఎక్కివెళ్లిన గుర్రపు బండి కూడా అక్కడే ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాం.

కానీ నన్ను కదిలించింది ఒక మామూలు ఎర్ర కారు. 1963 డిసెంబర్ 20న సౌత్‌బెండ్ ఫ్యాక్టరీలోంచి వచ్చిన చివరి కారు, 1964 మోడల్ డేటోనా. ఫ్యాక్టరీ మూసేస్తున్నామని కంపెనీ ప్రకటించింది డిసెంబర్ 9న. అంటే 11 రోజులు. క్రిస్మస్ ముందు ఏడు వేల మందికి పని పోయింది. కెనడాలో హామిల్టన్ ఫ్యాక్టరీ మాత్రం 1966 మార్చి దాకా నడిచింది. అవంతి అక్కడికి పోలేదు, సౌత్‌బెండ్‌తోనే ఆగిపోయింది. 1963 మోడల్‌వి 3,834, 1964వి 809, మొత్తం 4,643. కారు నంబర్లు ఆర్1001తో మొదలై ఆర్5643తో అయిపోతాయి. మేం చూసిన బండి నంబరు మూడు వేల చిల్లర. అందులోంచి వెయ్యి తీసేస్తే అది ఎన్నో బండో తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తర్వాత ఈ ఊరి డీలర్లే ఇద్దరు, నేట్ ఆల్ట్‌మన్, లియో న్యూమన్, అవంతి హక్కులు, సామాను కొనేసి, అవంతి 2 పేరుతో 1965 నుంచి మళ్లీ కార్లు కట్టారు. వాటిలో షెవర్లే ఇంజిన్. మంచి కార్లే, కానీ స్టూడబేకర్లు కావు. తెలియక వాటిని కూడా ఆ లెక్కలో కలిపి చెప్పేవాళ్లున్నారు. గుండ్రటి లైట్లుంటే 1963, చదరపు అంచు లైట్లుంటే 1964 అని ఇంకో మాట. అదీ పూర్తిగా నిజం కాదు, 1964వి కొన్ని గుండ్రటి లైట్లతోనే వచ్చాయి. కంటితో చూసి చెప్పే రేర్‌నెస్‌ని నేను ఇక నమ్మను.

నమ్మదగింది ప్రొడక్షన్ ఆర్డర్. ఒక్కో కారుకి ఫ్యాక్టరీలో ఒక్కో కాగితం ఉండేది. 1966లో కంపెనీ కార్లు కట్టడం మానేసినప్పుడు తన పాత బండ్లతో పాటు దస్తావేజులు కూడా ఈ ఊరికి ఇచ్చేసింది. పని పోయిన ఊరు వాటిని పారేయకుండా దాచిపెట్టుకుంది. అందువల్లే ఇవాళ ఎవరైనా సీరియల్ నంబరు ఇచ్చి, ఫీజు కట్టి, తమ బండి కాగితం నకలు తీసుకోవచ్చు. నేను ముందే మెయిల్ పెట్టాను కాబట్టి కవర్లో సిద్ధంగా ఉంది.

మ్యూజియం బెంచీ మీద కూర్చుని విప్పాం. టైపు చేసిన ఒక్క పేజీ. నాన్న జేబులోంచి పెన్సిల్ ముద్ర తీసి పక్కన పెట్టారు. ఇంజిన్ నంబరు దగ్గర ఇద్దరం ఒక్కో అంకె మీద వేలు పెట్టుకుంటూ చదివాం. ఆర్, తర్వాత అంకెలు. ఒక్కటీ తేడా లేదు. పుట్టుకతో ఆర్1. ఇంజిన్ మాత్రం మొదటి రోజు ఎక్కిందే, ఎవరూ మార్చలేదు. రంగు దగ్గర అవంతి టర్కాయిజ్ అని ఉంది. నాన్న నా వైపు చూశారు. డిక్కీ రబ్బరు కింద గీత.

పార్కింగ్‌లోంచి ఆవిడకి ఫోన్ చేశాను. టెన్షన్‌గానే చెప్పాను, సూపర్‌ఛార్జర్ తర్వాత బిగించింది, ఆర్2 కాదు అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకి అమ్మినవాళ్లు అలా చెప్పారు" అన్నారు. నాకు తెలుసు అన్నాను. ఇంజిన్ అసలుదే అని, 1963లో ఒహాయోలో ఒక డీలర్‌కి వెళ్లిందని చెప్పి, రంగు చెప్పాను. "టర్కాయిజా? ఆయన కొన్నప్పటికే ఎర్రగా ఉంది. ఆయనకి తెలిస్తే ఎంత సంతోషపడేవారో" అన్నారు. ఆ కాగితం నకలు పోస్టులో పంపుతానన్నాను.

తిరుగుదారిలో న్యూ కార్లైల్ దగ్గర బెండిక్స్ వుడ్స్ పార్కులో ఆగాం. ఒకప్పుడు కంపెనీ టెస్ట్ ట్రాక్ ఉన్న చోటు. 1930ల్లో అక్కడ పైన్ చెట్లని స్టూడబేకర్ అనే అక్షరాల ఆకారంలో అర మైలు పొడవున నాటారు. కిందనుంచి చూస్తే వట్టి అడవే. ఫోన్‌లో పైనుంచి తీసిన ఫోటో చూపిస్తే, మేం ఏ అక్షరంలో నిలబడ్డామా అని నాన్న దారి లెక్కపెట్టుకుంటూ నడిచారు.

ఇల్లు చేరేసరికి పోయిన గంట తిరిగొచ్చింది. ఆవిడ రేటు తగ్గిస్తానన్నారు, నేను పెద్దగా బేరం ఆడదల్చుకోలేదు. వచ్చే నెల మెకానిక్‌ని తీసుకుని మళ్లీ వెళ్తున్నాం. చాసిస్ అడుగున తుప్పు ఎంత ఉందో లిఫ్ట్ ఎక్కించి చూడాలి. ఆ తేదీ వినగానే నాన్న లోపలికి వెళ్లి పాస్‌పోర్ట్ కవర్ తెచ్చారు. అందులో పెన్సిల్ ముద్ర మడిచి పెట్టి, తిరుగు టికెట్ బయటికి తీసి, "ఇది ఇంకో పదిహేను రోజులు పొడిగించమ్మా" అన్నారు.