చక్రం ఉన్న చేయి మనకు ఏ పక్క? మెడికల్ టెర్మినాలజీతో నా తంటాలు

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల పరీక్ష నార్సెట్‌కు చదివే వాళ్ళలో చాలా మందిలాగే నేనూ టెర్మినాలజీని చివరి వారానికి వదిలేశాను. ‘అవి మాటలే కదా, రెండు రోజుల్లో అయిపోతాయి’ అనుకున్నా. మొదటి మాక్ టెస్టులోనే దెబ్బ తగిలింది. మోచేయి మణికట్టుకు ఏమవుతుంది అని అడిగితే సుపీరియర్, అంటే పైన, అని పెట్టి వచ్చాను. కావాల్సింది ప్రాక్సిమల్. చేతులకు, కాళ్ళకు పైన, కింద అనరు. మొండేనికి దగ్గరగా ఉంటే ప్రాక్సిమల్, దూరంగా ఉంటే డిస్టల్. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత ఉంటుందని మీకు తెలిసిందే.

నిజానికి ఈ మాటలు నాకు జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమాలోనే నోటికి వచ్చు. యాంటీరియర్ ముందు, పోస్టీరియర్ వెనక, మీడియల్ నడిమి గీతకు దగ్గర, లేటరల్ దూరం. కానీ పోస్టింగులో ఒకసారి కేస్ షీట్ కోసం మనిషి బొమ్మ గీసి, అపెండిసైటిస్ పేషెంటుకు నొప్పి ఎక్కడుందో గుర్తు పెట్టమన్నారు. కుడి ఇలియాక్ ఫోసా, అంటే పొత్తికడుపు కుడి పక్క, అని చక్కగా రాసి, కాగితం మీద నా కుడి పక్కన ఇంటూ పెట్టాను. వార్డులో సీనియర్ అక్క చూసి, "ఏం మే, ఈయనకి అపెండిక్స్ ఎడమ పక్కకు ఎప్పుడు పోయింది?" అంది. చుట్టూ ఉన్న వాళ్ళందరూ నవ్వారు.

తరువాత టీ తాగుతూ ఆమే అడిగింది. "శనివారాలు కొండకు పోతావు గదా, స్వామికి చక్రం ఏ చేతిలో ఉంటాది?"

"కుడి చేతిలో."

"ఎదురుగా నిలబడిన నీకు అది ఏ పక్క?"

ఎడమ పక్క. పేషెంటయినా అంతే, ఎక్స్‌రే అయినా అంతే. ఎక్స్‌రేను వ్యూ బాక్స్‌లో పెడితే పేషెంటు కుడి మన ఎడమకు వస్తుంది. అందుకే గుండె కొన మన కుడి వైపుకు తిరిగి కనిపిస్తుంది. కుడి, ఎడమ ఎప్పుడూ పేషెంటువే, చూసే వాళ్ళవి కావు. బాలాజీ కాలనీలో నా హాస్టల్ గదిలో టేబుల్ మీద స్వామి ఫోటో ఉంది. ఆ రాత్రి దాన్నే చాలాసేపు చూస్తూ కూర్చున్నా. కింది కుడి చేయి వరద హస్తం. అరచేయి మన వైపు, వేళ్ళు పాదాల వైపు. అనాటమికల్ పొజిషన్‌లో చేయి ఎలా ఉండాలని పుస్తకంలో రాశారో అచ్చం అలాగే! నిటారుగా నిలబడాలి, చూపు ముందుకు, చేతులు పక్కన, అరచేతులు ముందుకు. అప్పుడు బొటనవేలు శరీరానికి బయటి వైపు ఉంటుంది కాబట్టి లేటరల్. చిటికెనవేలు మీడియల్. మామూలుగా నిలబడితే మన అరచేతులు తొడల వైపు తిరిగి ఉంటాయి. అలా నిలబడి చూసుకునే నేను ఎప్పుడూ ముంజేతి ఎముకలు రేడియస్, అల్నా తారుమారు చేసేదాన్ని. దేవుడి పటం ముందు అనాటమీ ఏంటని మా అవ్వ అంటుందేమో గానీ, ఆ రోజు నుంచి రేడియస్ బొటనవేలు పక్క అన్నది మళ్ళీ మరిచిపోలేదు.

తరువాతి శనివారం అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి, పంతానికి నడిచే దిగాను. ఎక్కినందుకు పిక్కలు, అంటే కాలి పోస్టీరియర్ భాగం. దిగినందుకు తొడల ముందు, అంటే యాంటీరియర్. మయో అంటే కండరం, ఆల్జియా అంటే నొప్పి. మయాల్జియా అనే మాటను రెండు రోజులు ఒళ్ళంతా మోశాను.

జబ్బుల మాటల్లో నన్ను ముంచింది మాత్రం తెలుగు అర్థాలే. మాట చివర ఐటిస్ వస్తే వాపు అని రాసుకున్నా. ఎడిమాకూ వాపు అనే రాసుకున్నా. ఇంక రెండూ ఒకటే అయిపోయాయి. ఐటిస్ అంటే ఇన్‌ఫ్లమేషన్. అందులో ఎరుపు, వేడి, నొప్పి, వాపు ఉంటాయి. గుండె సరిగా పనిచేయక కాళ్ళలో నీరు దిగి, నొక్కితే గుంట పడుతుందే, అది ఎడిమా. అవ్వ మోకాళ్ళు వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంటే ఆర్థరైటిస్ అనుకోవచ్చు. ఒట్టి కీళ్ళ నొప్పి ఆర్థ్రాల్జియా.

అక్యూట్ అంటే తీవ్రమైన అని రాసుకోవడం ఇంకో పొరపాటు. అక్యూట్ అంటే హఠాత్తుగా మొదలై, కొద్ది కాలం ఉండేది. మామూలు జలుబు కూడా అక్యూటే. క్రానిక్ అంటే ఏళ్ళ తరబడి సాగేది, షుగర్ లాగా. ఎంత తీవ్రం అన్నది వేరే లెక్క, దానికి మైల్డ్, సివియర్ అనే మాటలు ఉన్నాయి.

ఆపరేషన్ల మాటలు త్వరగానే వచ్చేశాయి. ఎక్టమీ తీసేయడం, ఆటమీ కోయడం, ఆస్టమీ దారి పెట్టడం. ఓమా అనగానే కణితి అని గుడ్డిగా పెట్టకండి. హెమటోమా అంటే గడ్డకట్టి నిలిచిన రక్తం, కంటి జబ్బు గ్లాకోమాలో కణితే ఉండదు.

నోట్సు తెలుగు లిపిలో రాసుకునే వాళ్ళకు ఒక మాట. నాది అలాంటి నోట్సే. తుంటి ఎముకా ఇలియమే, చిన్నపేగు చివరి భాగమూ ఇలియమే. మన లిపిలో తేడా తెలియదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఎల్ తరువాత ఐ వస్తే ఎముక, ఈ వస్తే పేగు. ఈటింగ్‌లో ఈ ఉంది కాబట్టి పేగు అని గుర్తు పెట్టుకున్నా. డిస్ఫేజియా, డిస్ఫేసియా కూడా ఇలాంటి జంటే. మొదటిది మింగడంలో ఇబ్బంది, రెండోది మాటలో ఇబ్బంది. ఇలాంటివన్నీ వెనక పేజీలో ఎర్ర పెన్నుతో ఇంగ్లిష్ స్పెల్లింగులతో రాసి పెట్టాను. స్ట్రోక్ వచ్చిన పేషెంటుకు ఈ రెండూ ఉండొచ్చు, అందుకని ప్రశ్నలో స్ట్రోక్ అని ఉంది కదా అని ఊహించి పెట్టడం కుదరదు.