ఫైబ్రాయిడ్ స్కాన్ రిపోర్టులో ఏమేం ఉండాలి?

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగు ఆడవాళ్ళకు ముందుగా ఒక మాట. రిపోర్టులో ‘మల్టిపుల్ ఫైబ్రాయిడ్స్’ (గర్భసంచి కండరంలో పెరిగే గడ్డలు ఒకటికి మించి ఉన్నాయని) అన్న ఒక్క లైను చూసి గర్భసంచి తీయించుకోవాలని నిర్ణయించేసుకోకండి. ఆ లైనుతో ఏ నిర్ణయమూ కుదరదు.

పొట్ట మీది నుంచి చేసే స్కాన్‌కు మూత్రం నిండుగా ఉండాలి. యోని ద్వారా చేసే టీవీఎస్‌కు మూత్రానికి వెళ్ళి రావాలి. చిన్న గడ్డలు, లోపలి పొరకు దగ్గరున్నవి టీవీఎస్‌లోనే బాగా తెలుస్తాయి. గర్భసంచి బాగా పెరిగి పైకి వచ్చేస్తే టీవీఎస్‌లో లోపల పెట్టే ప్రోబ్‌కు (స్కాన్ పరికరానికి) అందదు, అప్పుడు రెండూ చేయాలి. పెళ్ళికాని అమ్మాయిలకు సాధారణంగా పొట్ట మీది నుంచే చేస్తారు.

ఫైబ్రాయిడ్ అంచు స్పష్టంగా, గుండ్రంగా ఉంటుంది. డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని చూపే స్కాన్‌లో) రక్తనాళాలు దాని చుట్టూ కనిపిస్తాయి. అడినోమయోసిస్‌లో (గర్భసంచి లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయే జబ్బులో) అంచు తెలియదు, గోడ ఒకవైపు మందంగా ఉండవచ్చు, నాళాలు మధ్యలోంచి పోతాయి. ఈ రెంటినీ పొరబడటం మామూలే, పైగా రెండూ కలిసి కూడా ఉంటాయి. కాడతో వేలాడే ఫైబ్రాయిడ్‌ను అండాశయం గడ్డ అనుకోవడమూ జరుగుతుంది. అండాశయం విడిగా కనిపించిందా అన్నది అందుకే రాయించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం గడ్డ ఉన్న చోటు. ఫిగో (అంతర్జాతీయ స్త్రీవైద్య, ప్రసూతి నిపుణుల సమాఖ్య) వర్గీకరణలో 0 నుంచి 8 దాకా రకాలున్నాయి. 0, 1, 2 లోపలి కుహరంలోకి పొడుచుకొచ్చేవి. 2 సెంటీమీటర్లదైనా సరే, అక్కడుంటే విపరీతంగా రక్తస్రావం కావచ్చు, గర్భం నిలవడానికీ అడ్డు కావచ్చు. బయటి గోడ మీది 5 సెంటీమీటర్లది ఏ బాధా పెట్టకపోవచ్చు. లోపలికి ఎంత వచ్చిందో అనుమానముంటే, బహిష్టు ఆగిన కొద్ది రోజుల్లో గర్భసంచి లోపలికి సెలైన్ ఎక్కించి చేసే స్కాన్ తేలుస్తుంది.

మళ్ళీ స్కాన్‌కు వెళ్ళేటప్పుడు పాత రిపోర్టు పట్టుకెళ్ళండి. గడ్డ పొడవు, వెడల్పు, మందం మూడు కొలతలూ పోల్చమనండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కొలిచే చేతిని బట్టి కూడా వస్తుంది.