పాత కారు ఏసీ: గ్యాస్ కొట్టించే ముందు కండెన్సర్ చూడండి

మా కారు 2009 మోడల్. మొన్న మేలో అమ్మని తీసుకుని గుంటూరు నుంచి బెజవాడ వస్తుంటే, వారధి దాటేదాకా చల్లగానే ఉన్న ఏసీ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగగానే వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది, పాపం.

ఎవరిని అడిగినా గ్యాస్ కొట్టించమనే అంటారు. నేనూ ఏడాదిలో రెండుసార్లు కొట్టించాను. కానీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదండీ, బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ముందు అది పట్టుకోవాలి. నా బండి సంగతి వేరు: కదిలితే చల్లదనం, ఆగితే వేడి, అంటే గ్యాస్‌లోని వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి గాలి చాలడం లేదన్నమాట.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన బానెట్ ఎత్తి టార్చి వేసి చూపించాడు. రేడియేటర్ ముందుండే కండెన్సర్ సన్నటి రెక్కల మధ్య దుమ్ము, చచ్చిన పురుగులు గట్టిగా పేరుకుపోయి అవతలి వెలుతురు కూడా కనపడలేదు. ఫ్యాన్ నీరసంగా తిరుగుతోంది. ఆయన నీళ్లు మెల్లగా వదులుతూ కడిగాడు, ప్రెషర్ ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయట. ఫ్యాన్ మోటారు మార్చాడు. గ్లవ్ బాక్స్ వెనక, లోపలికొచ్చే గాలిని వడకట్టే కేబిన్ ఫిల్టర్ తీస్తే మట్టిరంగులో ఉంది, అదీ మార్చేశాం.

ఎండలో పెట్టిన బండి ఎక్కగానే అద్దాలు దించి రెండు నిమిషాలు వేడి బయటికి పోనివ్వండి, తర్వాత ఎక్కించి లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. నిన్న అదే సర్కిల్‌లో సిగ్నల్ దగ్గర ఆగితే అమ్మే అడిగింది, కాస్త తగ్గించరా, చలేస్తోందని.