ఫై బీటా మ్యూ ఆహ్వానం: నా అనుభవం

నిన్ననే ఫై బీటా మ్యూ నుంచి ఆహ్వానం అందింది. 1937లో టెక్సస్‌లో మొదలైన ఈ గౌరవ సంఘం పాఠశాలల్లో వాద్యబృందాలను నడిపే బ్యాండ్ డైరెక్టర్లది. ఇందులో మనంతట మనం దరఖాస్తు పెట్టుకుని చేరడం ఉండదు, సభ్యులలో ఒకరు మన పేరు ప్రతిపాదించాలి. పొరుగు పాఠశాలలో పనిచేసే ఒక పెద్దాయన ఆ పని తనంతట తానే చేశారు. ఆయన అడిగిన ఉద్యోగ వివరాలు, సర్టిఫికెట్లు ఒక్క సాయంత్రంలో సిద్ధమయ్యాయి.

నన్ను ఏడిపించినది పాత పాఠశాల నుంచి తేవలసిన లేఖ. అక్కడ నేను అసిస్టెంట్ డైరెక్టర్‌ను. టెక్సస్ పాఠశాలలకు యూఐఎల్ అనే సంస్థ జరిపే పోటీలలో మా మిడిల్ స్కూల్ బ్యాండ్ కన్సర్ట్, సైట్ రీడింగ్ (కొత్త రచనను చూసి అప్పటికప్పుడు వాయించడం) రెండింటిలోనూ అత్యున్నత శ్రేణి అయిన మొదటి డివిజన్ తెచ్చుకుని స్వీప్‌స్టేక్స్ బహుమతి గెలిచినప్పుడు, బ్యాటన్ పట్టినది హెడ్ డైరెక్టర్ కాబట్టి మెప్పంతా ఆయనకే దక్కింది. కానీ ఆ క్లారినెట్ పిల్లలకు ఆరో తరగతిలో ఓనమాలు దిద్దించినది నేను. వాద్యం మొత్తం చేతికివ్వకుండా, నోట పెట్టుకునే మౌత్‌పీస్‌కు దాని కింద ఉండే పొట్టి గొట్టం, బ్యారెల్, మాత్రమే తగిలించి, ఊదితే కంపించే పలుచని రీడు తడిపించి, బుగ్గలు ఉబ్బకుండా, గడ్డం ముడతపడకుండా ఒక్కొక్కరి చేత ఊదించి, ఆ చిన్న ముక్కలోంచి ఎఫ్ షార్ప్ నిలకడగా పలికేదాకా ముందుకు కదలనిచ్చేదాన్ని కాదు. స్వరం కిందికి జారిందంటే పెదవుల పట్టు సడలిందన్నమాట, మళ్లీ మొదటినుంచి. ఎన్నడూ చూడని రచనను, ముందుగా ఒక్క స్వరమైనా వాయించి చూసుకునే వీలులేని సైట్ రీడింగ్ గదిలో, ముగ్గురు న్యాయనిర్ణేతల ఎదుట వాళ్లు తడబడకుండా వాయించారంటే ఆ పునాది వల్లనే.

ఈ సంగతి రెండు వాక్యాలలో రాసిమ్మని అడిగితే, హెడ్ డైరెక్టర్ గారు బ్యాండ్ హాలులో, పిల్లలు వింటుండగానే, "అసిస్టెంట్లు నేను చెప్పింది చేస్తారు, దానికి లేఖ ఎందుకు?" అన్నారు. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు కొందరు తలలు దించుకున్నారు. ప్రిన్సిపాల్‌ను అడిగితే తిరిగి ఆయన దగ్గరకే పంపారు. జిల్లా కార్యాలయంవారు నా హోదా, పనిచేసిన తేదీలు తప్ప మరేమీ రాయలేమన్నారు. శిష్యుల ఎదుట సాటి గురువును చిన్నబుచ్చేవారు ఎన్ని ట్రోఫీలు తెచ్చినా ఆ స్థానానికి తగరు.

చివరకు వారం వారం మా పిల్లలకు విడిగా క్లారినెట్ పాఠాలు చెప్పడానికి వచ్చిన టీచరుగారు, నా తరగతిలో కళ్లారా చూసినదంతా వివరంగా రాసి, అడిగిన మర్నాడే పంపారు. దానికి నా పాత తరగతి పరిశీలన నివేదికలు జతచేశాను. వాటితో పని జరిగింది.

అమెరికాలో బ్యాండ్ బోధనలోకి వస్తున్న మన తెలుగు పిల్లలకు చెబుతున్నాను: అసిస్టెంటుగా ఉన్నంతకాలం ప్రతి కన్సర్ట్ ప్రోగ్రాములోనూ పేరు వేయించుకోండి, పరిశీలన నివేదికల నకళ్లు ఇంట్లో దాచుకోండి, ఉద్యోగం మారేముందే లేఖ చేతికి తీసుకోండి. హెడ్ డైరెక్టర్ మంచితనాన్ని మాత్రం నమ్ముకోకండి. పక్క గదిలో పాఠం చెప్పే టీచరుతోనే ముందు మాట్లాడండి.