పెద్దవాళ్ల తగవుల్లో మధ్యవర్తి: నా శిక్షణ అనుభవం

నేను రిటైరైన టీచర్ని, ఉండేది విశాఖపట్నంలో గాజువాక. ముసలి తల్లిదండ్రుల పోషణ తగవుల్లో మధ్యవర్తులకు మహారాణిపేటలో శిక్షణ ఇస్తున్నారంటే వెళ్లి చేరాను. నాతోపాటు అంగన్‌వాడీ కార్యకర్తలు, స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసిన ఒకాయన, ఇద్దరు కుర్ర లాయర్లు. కోర్టు మధ్యవర్తులకైతే మామూలుగా 40 గంటల శిక్షణ ఉంటుంది. మాది అంతకంటే చిన్నది.

ముందు చట్టం చెప్పారు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 నాటిది. అర్జీ ఆర్డీవో ట్రిబ్యునల్‌కి వెళ్తుంది. విచారణకు ముందు దాన్ని రాజీ అధికారికి పంపవచ్చు, ఆ అధికారికి నెల గడువు. భరణం నెలకు 10,000 రూపాయలకు మించదు. ఇవన్నీ తలూపుతూ విన్నాం గానీ, 23వ సెక్షన్ రాగానే అందరం పెన్నులు తీశాం. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూడకపోతే రద్దు చేయమని అడగొచ్చు. మధురవాడ వైపు గజం ధర తెలిసినవాళ్లకి ఆ ఆసక్తి ఎందుకో చెప్పక్కర్లేదు. ఆ షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో ఇంకో కేసులో, చట్టాన్ని పెద్దవాళ్లకి మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలంది. దీనిమీద లాయర్లిద్దరూ టీ చల్లారేదాకా వాదించుకున్నారు.

అసలు శిక్షణ వేషాలు కట్టించినప్పుడు మొదలైంది. నేను డెబ్భై ఎనిమిదేళ్ల తల్లిని. పెద్దకొడుకు పెందుర్తి, చిన్నోడు హైదరాబాదు, కూతురు ఎంవీపీ కాలనీ. మధ్యవర్తిగా కూర్చున్న అమ్మాయి చక్కగానే మొదలుపెట్టింది. "అమ్మకి మందులెవరు కొంటున్నారు? అమ్మ ఎవరి దగ్గర ఉంటానంటోంది?" అన్నీ కొడుకుల్నే అడుగుతోంది. పక్కనే ఉన్న నావైపు చూడలేదు. నాకు నిజంగానే కోపమొచ్చింది.

ట్రైనర్ మేడం ఆపారు. "ఆవిణ్ణి అడగమ్మా."

"మీకేం కావాలండీ?"

వేషంలో ఉన్నాను కదా, మా అత్తగారి మాటే అనేశాను: "నాకేటి కావాల బావూ, మీరు బాగుంటే సాలు."

ఇలా అడిగితే ప్రతి ముసలావిడా ఇదే చెబుతుందట. పొద్దున ఎన్నింటికి లేస్తారు, కాఫీ ఎవరిస్తారు, రాత్రి బాత్రూముకి లేస్తే లైటు వేసి ఉంటుందా, పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది: ఇలా ఒక రోజంతా చెప్పించమన్నారు. మళ్లీ ఆడినప్పుడు కాఫీ దగ్గరే గుట్టంతా బయటపడింది.

ఫోర్‌మన్ గారిది ఇంకో అవస్థ. "సిగ్గులేదట్రా, కన్నతల్లిని చూడ్డానికి వంతులేంట్రా" అని గద్దించేశారు. "ఆ అబ్బాయి ఇక నోరు విప్పడు సార్" అన్నారు మేడం. అన్నేళ్లు మనుషుల చేత పనిచేయించినాయన, తీర్పు చెప్పకుండా కూర్చోవాలంటే పాపం నిజంగానే కష్టపడ్డారు.

చిన్నచిన్న సంగతులు బాగా చెప్పారు. వినిపించే చెవి వైపు కూర్చోవాలి. బీపీ మాత్ర వేసుకుని మత్తుగా ఉండే వేళ పిలవకూడదు. తల్లితో విడిగా మాట్లాడేటప్పుడు కొడుకు గుమ్మంలో కూడా ఉండకూడదు. అప్పుడు ఆవిడ చెప్పింది, ఆవిడ ఒప్పుకోకుండా పిల్లలకి చెప్పకూడదు. కోడల్ని తప్పకుండా పిలవాలి. అర్జీలో ఆమె పేరుండదు గానీ మంచం దగ్గర చాకిరీ ఆమెదే.

కొన్నిటికి అసలు మధ్యవర్తిత్వమే వద్దన్నారు. కొడుతున్నా, తెలియకుండా వేలిముద్ర వేయించుకున్నా రాజీ మాటలు పెట్టకూడదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, పోలీసులు, ట్రిబ్యునల్, ఇదీ దారి. మతిమరుపుంటే ముందు డాక్టరు. అలాగని ఆవిడకేమీ తెలియదని మనమే తేల్చేయకూడదు.

నాకు నచ్చనిది ఒకటుంది. ఒప్పందం రాయడానికి చివర్లో కాస్త టైమే మిగిల్చారు. ఇళ్లల్లో బెడిసికొట్టేది అక్కడే. "అందరూ అమ్మని బాగా చూసుకోవాలి" అని రాస్తే అది ఒప్పందమా? ఏ తేదీకి, ఎవరి ఖాతాలోకి, కేజీహెచ్ ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లాలి, ఒక నెల తప్పితే ఏం చేయాలి, ఇవన్నీ ఉండాలి. మా గుంపు అంతా రాశాం. తీరా సంతకాల దగ్గర, చిన్నకొడుకు వేషంలో ఉన్న లాయరు "దసరాకి అమ్మ హైదరాబాదులోనే ఉండాలి, అది రాయలేదేం?" అని మొండికేశాడు. భోజనాలకి పిలిచేదాకా తెగలేదు.