లాకులు ఎత్తితే నీరు అందినట్టేనా?

"ఎలుకలకు చదువు చెప్పడానికి అంత దూరం వెళ్లావా అమ్మాయ్?" అని అమ్మ ఫోనులో అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. తణుకు దగ్గర మా ఊళ్లో ఎలుక అంటే పొట్ట మీదున్న వరిని మొదలంటా కొరికి పడేసే దొంగ. నాన్న ఏటా ఎలుకలు పట్టేవాళ్లను పిలిపించి, చేలో బుట్టలు పెట్టించి, ఎలుకకు ఇంతని లెక్కగట్టి ఇచ్చేవారు. ఆ ఇంటి పిల్లనైన నేను 2014 సెప్టెంబరులో బోస్టన్‌లోని ఒక నాడీశాస్త్ర ప్రయోగశాలలో చేరి, ఎలుకలను రెండు చేతులా పొదివి పట్టుకుని తూకం వేయడం మొదలుపెట్టాను.

మావి లాంగ్ ఎవాన్స్ జాతి ఎలుకలు. తల నలుపు, ఒళ్లు తెలుపు. గోడకు మూడు రంధ్రాలున్న పెట్టెలో ఎలుకను వదులుతాం. అది నడిమి రంధ్రంలో ముక్కు పెట్టగానే రెండు పక్కల నుంచీ టకటకమని చప్పుళ్లు వస్తాయి. ఎటు ఎక్కువ వినిపించాయో ఆ పక్క రంధ్రానికి వెళితే ఒక చుక్క నీరు. ఇంత చిన్న సంగతి వంటబట్టడానికి దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దాహంతో వస్తేనే పని చేస్తుంది, ఆ రోజు తాగాల్సిన నీళ్లలో ఎక్కువ భాగం అక్కడే సంపాదించుకుంటుంది. అందుకే ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. ఎలుకలు రాత్రి తిరిగే జీవులు కాబట్టి వాటి గదిలో పగటిని రాత్రిగా మార్చేస్తారు. వాటికి సరిగా కనపడని ఎర్ర దీపం వెలుతురులో మేం పని చేస్తాం. ఆ గదిలోంచి బయటికి వస్తే, నవంబరులో సాయంత్రం నాలుగున్నరకే నిజం రాత్రి ఎదురయ్యేది.

చేత్తో నేర్పడంలో ఒక చిక్కుంది. ఏ ఎలుకను ఎప్పుడు పై తరగతికి పంపాలో నేర్పేవాళ్ల ఇష్టం. నాకు నచ్చిన ఎలుకను నేను తొందరగా పాస్ చేసేదాన్ని, ఒప్పుకుంటాను. పైగా మగవాళ్ల వాసన తగిలినా ఎలుకలు బెదిరిపోతాయని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లోనే తేల్చారు. అది చదివిన వారం మా ల్యాబులో మగవాళ్ల ముఖాలు చూడాలి!

2015 ఫిబ్రవరిలో బోస్టన్‌ను మంచు ముంచేసింది. ఆ చలికాలం మొత్తం మీద వంద అంగుళాలకు పైగా పడింది. రైళ్లు ఆగిపోయినా ఎలుకలకు దాహం ఆగదు. మోకాళ్లలోతు మంచులో నడిచి వెళ్లిన మూడో రోజున మా గురువుగారు, "ఇక ఈ పని యంత్రానికి అప్పగిద్దాం" అన్నారు. ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ 1930లలోనే మీట నొక్కే ఎలుక లెక్కను కాగితం చుట్ట మీద గీతగా గీయించాడు. హార్వర్డ్‌లో ఓల్వెట్స్కీ బృందం ఎలుకలు ఉండే గూడులోనే శిక్షణ మొత్తం కంప్యూటర్ నడిపే పద్ధతిని 2013లో ప్రచురించింది.

మాకు ఏడాది పట్టింది. ముక్కు అడ్డొస్తే గుర్తించే పరారుణ కిరణం, నీటికి వాల్వు, పెట్టెకొక చిన్న కంప్యూటర్. ఎలుక ఎప్పుడూ ఎడమకే పోతుంటే, ప్రోగ్రామే కుడివైపు ప్రశ్నలు పెంచుతుంది. దానికి విసుగు లేదు, ముద్దు ఎలుక లేదు. నేను ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో చూసుకునేదాన్ని.

అప్పుడు పద్నాలుగో నంబరు ఎలుక బరువు తగ్గడం మొదలైంది. విడిగా నీళ్లు పెట్టి కాపాడుకుంటూ వచ్చాం. లెక్క చూస్తే రోజుకు నాలుగు వందల చుక్కలు గెలుచుకుంటోంది. చుక్కకు 25 మైక్రోలీటర్లు, అంటే పది మిల్లీలీటర్లు. పశువైద్యురాలు చూసి జబ్బేమీ లేదన్నారు. ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ రెండు రాత్రులు గడిపాను.

ఆ ఆదివారం నాన్నతో మాట్లాడుతూ ఊరికే ఈ గోడు చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "నీ లెక్కలో ఉన్నది నీళ్లా, తలుపు ఎత్తినట్టా?" అని అడిగారు. "ఇక్కడా అంతేనమ్మా. లాకులు ఎత్తామని ఆఫీసులో రాసుకుంటారు. కాలువలో పూడిక, గుర్రపుడెక్క. శివారు చేలకు వచ్చేది ఎంతో మమ్మల్ని అడగాలి."

ఫోను పెట్టేసి ల్యాబుకు వెళ్లాను. ఎర్ర వెలుతురులో ఆ పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాను. వాల్వు టక్కుమంది, ఎలుక నాకింది. మళ్లీ టక్కుమంది. మూడోసారి అది గొట్టం కొసను పళ్లతో పట్టి లాగింది. ఎలుకను బయటికి తీసి, వాల్వును వంద సార్లు తెరిపించి, కింద గిన్నె పెట్టి తూచాను. రెండున్నర గ్రాములు రావాలి. గ్రామున్నరకు కాస్త తక్కువే వచ్చింది. గొట్టాన్ని దీపానికి ఎత్తి చూస్తే లోపల గోడంతా పాచి.

గొట్టాలన్నీ మార్చాం. అప్పటినుంచి పెట్టెలోకి వెళ్లే ముందు, వచ్చాక ప్రతి ఎలుకనూ తూస్తున్నాం. చుక్కల లెక్కకూ పెరిగిన బరువుకూ పొంతన కుదరకపోతే ఫోను మోగుతుంది. మొదటి రోజు పద్నాలుగో నంబరు ఇంచుమించు పది గ్రాములు పెరిగి బయటికి వచ్చింది.

నాన్నకు చెబితే సంబరపడి, "మన కాలువ చివర కూడా అలాంటి తక్కెడ ఒకటి పెట్టించకూడదా?" అన్నారు.